సమస్య: ఒక్క తరుణికి బహువచనోక్తి యొప్పు

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి. యతి గురించి ఎలాగూ అడుగుతారు: 'వచన + ఉక్తి'లో ఉకారం దాగి ఉంది, ఒ–ఉ లకు చెల్లుతుంది.

పూరణ 1:
దైవభాషను దారశబ్దమ్ము గనుఁడు
భార్య యొక్కతె యైనను బహువచనమె
నిత్యమగు నంచు శాస్త్రులు నేర్పిరయ్య
యొక్క తరుణికి బహువచనోక్తి యొప్పు

నిర్వాహకుడు: నిర్దోషం. అమరకోశం కూడా దారశబ్దాన్ని పుంలింగ బహువచనంగానే చెప్పింది.

పూరణ 2 (డబ్లిన్ నుంచి): గురువుగారూ, సమస్య చూడగానే ఇక్కడి ఐరిష్ మాటే గుర్తొచ్చింది.
వనిత బ్యానయ్యె నైర్లాండు పలుకులందు
మగువ లెందఱో యున్నచో మ్నా యటంద్రు
షష్ఠిలో నొక్క దానికిఁ గూడ నదియె
యొక్క తరుణికి బహువచనోక్తి యొప్పు

'బ్యాన్' అంటే స్త్రీ. 'స్త్రీలు' అన్నా, 'స్త్రీ యొక్క' అన్నా మ్నాయే. ఇక్కడ ఆడవాళ్ల టాయిలెట్ తలుపు మీద 'మ్నా' అని రాసి ఉంటుంది. షష్ఠీ బహువచనం మాత్రం 'బన్'. దాని ముందు 'న' చేరితే బకారం మకారంగా పలుకుతుంది. 1914లో పుట్టిన మహిళా సంస్థ 'కుమన్ న మన్' పేరులో ఉన్నది ఆ రూపమే.

సభ్యుడు: బ్యాన్ ఎక్కడ, మ్నా ఎక్కడ! ఒకే మాట ఎలా అవుతాయమ్మా?

పూరణ 2 కవయిత్రి: సంస్కృతం, ఐరిష్ రెంటికీ పుట్టిల్లయిన మూలభాషలో మొదటి అక్షరం 'గ్వ'. సంస్కృతంలో అది గ, జ అయింది, ఐరిష్‌లో బ అయింది. మన 'గో' వాళ్లకు 'బో', అర్థం ఆవే! అలాగే మన 'జని' వాళ్ల బ్యాన్. అచ్చు లోపించి నకారం పక్కకు వచ్చినచోట 'గ్న' కాస్తా 'బ్న', ఆపైన 'మ్న' అయింది. ఋగ్వేదంలో దేవపత్నులను చెప్పే 'గ్నా' శబ్దం, ఈ మ్నా తోబుట్టువులు. గ్రీకు 'గునే', ఇంగ్లిష్ 'క్వీన్' కూడా ఈ ఇంటివే.

సభ్యుడు: రూపం ఒకటైనంత మాత్రాన బహువచనం అయిపోతుందా? షష్ఠి షష్ఠే కదా.

నిర్వాహకుడు: ఆక్షేపణ న్యాయమే. వ్యాకరణంలో అది ఏకవచనమే, వినడానికి బహువచనం. సమస్యాపూరణానికి ఆ పోలిక చాలు. గ్నా–మ్నా సంగతి నాకు కొత్త, చాలా సంతోషమమ్మా. అయితే మూడో పాదంలో యతి తప్పింది, 'ష'కు 'గూ' చెల్లదు. 'దానికి సైత మదియె' అంటే ష–సై మైత్రి కుదురుతుంది, గణాలూ చెడవు.

పూరణ 2 కవయిత్రి: సవరించాను గురువుగారూ:
షష్ఠిలో నొక్క దానికి సైత మదియె