పాప వర్ణమాల మొత్తం చెప్పేస్తుంది, విడిగా 'మ' చూపిస్తే గుర్తుపట్టట్లేదు. ఎలా నేర్పాలి?

నాలుగేళ్ల_పాప_అమ్మ:

అందరికీ నమస్తే అండి. మా పాపకి నాలుగు నిండి కొన్ని నెలలైంది. అ ఆ ల నుంచి చివరిదాకా గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తుంది, ఛార్ట్ ముందు నిలబెట్టి వేలు పెట్టి చదవమంటే ఒక్క తప్పు పోదు. అదే ఛార్ట్ లో మధ్యలో మ మీద నేను వేలు పెట్టి ఇదేంటి నాన్నా అంటే మాత్రం ప దగ్గరికి వెళ్ళి ప ఫ బ భ అనుకుంటూ వచ్చి అప్పుడు మ అంటుంది. వేరే కాగితం మీద ఒక్క మ రాసి చూపిస్తే ఇక అంతే, ఒకసారి వ అంటుంది ఒకసారి య అంటుంది, ఒక్కోసారి నా మొహం చూసి ఊహించి చెప్తుంది.

రాయడం కూడా అలాగే ఉంది. చుక్కల మీద దిద్దమంటే చక్కగా దిద్దుతుంది, చుక్కలు లేని చోట చెయ్యి ఆగిపోతుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక కుడి వైపు నుంచి మొదలుపెట్టి అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తుంది. స్కూల్లో రోజుకో అక్షరం చొప్పున వెళ్ళిపోతున్నారు, హోంవర్క్ పేజీ నిండా మ. మూడు నాలుగు లైన్లు అయ్యేసరికి అక్షరం ఆకారమే మారిపోతుంది, పాప కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. తిరగేసి రాయడం ఏమన్నా సమస్యా, డాక్టర్ కి చూపించాలా? మళ్ళీ అ నుంచి మొదలెట్టాలా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

చిన్నబడి_టీచర్:

కంగారు పడకండమ్మా. మీ పాపకి వచ్చింది పాట, అక్షరాలు కాదు. వర్ణమాలని వరసగా చెప్పడం చెవికి, నోటికి సంబంధించిన పని. విడిగా ఉన్న అక్షరాన్ని గుర్తుపట్టడం కంటి పని, రాయడం చేతి పని. మూడూ ఒకదానికొకటి అతుక్కోవాలి, అవి వాటంతట అవి అతుక్కోవు, మనమే అతికించాలి. కాబట్టి మళ్ళీ అ నుంచి మొదలుపెట్టక్కర్లేదు, ఛార్ట్ ని కొన్నాళ్ళు గోడ మీద నుంచి తీసేయండి అంతే. ఛార్ట్ ఉన్నంతసేపు పాప అక్షరాన్ని చూడదు, దాని చోటుని చూస్తుంది.

ఇప్పుడు మ ఒక్కటే తీసుకుందాం. ముందు శబ్దం. పెదాలు రెండూ మూసి మ్మ్మ్ అని సాగదీయమనండి, ముక్కు మీద వేలు పెట్టుకుంటే సన్నగా అదురుతుంది, పిల్లలకి అది భలే ఇష్టం. ఆ మ్మ్మ్ ని మ గా విడిచిపెట్టమనండి. మర, మన, మడత, మబ్బు, మంచం, ఇలా మొదట్లో మ వినిపించే మాటలు మీరు చెప్తుంటే మ వినపడగానే చప్పట్లు కొట్టాలి, మధ్యలో పలక, వల, జడ లాంటివి కలపండి. కాగితం లేదు పెన్సిల్ లేదు, ఇది చెవికి.

తర్వాత కన్ను. మాంటిస్సోరి వాళ్ళు చేసే మూడు మెట్ల పద్ధతి ఒకటి ఉంది, నేను పిల్లలందరికీ అదే వాడతాను. గరుకు కాగితం మ ఆకారంలో కత్తిరించి అట్ట మీద అంటించండి, అలాగే ర ఒకటి, గ ఒకటి. మొదటి మెట్టు, మీరే అట్ట మీద వేలితో దిద్ది చూపించి 'ఇది మ' అనాలి, పాప కూడా దిద్ది అనాలి. రెండో మెట్టు, మూడు అట్టలూ ముందు పెట్టి 'మ ఏది, నాకివ్వు', 'మ ని కుర్చీ మీద పెట్టు', 'ర ని దాచెయ్' అంటూ ఆడించాలి. ఈ రెండో మెట్టు మీదే ఎక్కువ రోజులు ఉండాలి, అందరూ తొందరపడి దాటేసేది ఇక్కడే. మూడోది 'ఇదేంటి' అని అడగడం. మీరు ఇప్పుడు నేరుగా మూడో మెట్టు మీద నిలబెట్టి అడుగుతున్నారు, అందుకే మీ మొహం చూసి ఊహిస్తోంది. మూడో మెట్టులో చెప్పలేకపోతే తప్పు అనకండి, ఏమీ అననట్టు మళ్ళీ మొదటి మెట్టుకి వచ్చేయండి.

మ పక్కన వ, య పెట్టొద్దు ఇప్పుడే. ఆ మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. అసలు పోలికే లేని ర, గ పక్కన పెట్టి మ ని గట్టిపరచండి, నిద్రలో లేపి అడిగినా చెప్పేంత అయ్యాక అప్పుడు వ ని తెచ్చి పక్కన పెట్టి 'తేడా ఎక్కడుందో కనిపెట్టు' అనండి. కుడి పక్కన పైకి లేచే ఆ గీతని పాపే వేలితో చూపిస్తుంది. తను కనిపెట్టిన తేడా మర్చిపోదు.

ఇంకోటి, చాలామంది చూసుకోరు. పుస్తకాల్లో మ పక్కన మేక బొమ్మ వేస్తారు, కింద మేక అని రాస్తారు. అక్కడున్నది మ కాదు, మే. తలకట్టు పోయి ఏత్వం వచ్చేసింది. నాలుగేళ్ల బుర్రకి 'ఇది మ' అని ఒక ఆకారం చూపించి ఇంకో ఆకారం కింద బొమ్మ పెడితే ఏది నమ్మాలి? అమ్మ అనే మాట కూడా అంతే, కింద వత్తు ఉంటుంది. మొదట్లో తలకట్టు చెక్కుచెదరని మాటలే రాసి చూపించండి, మర, మన, పలక, పడవ, గడప, ఇలాంటివి. గుణింతం దాకా వచ్చాక మేక ఎలాగూ వస్తుంది.

ఇద్దరు_పిల్లల_నాన్న:

టీచర్ గారు చెప్పింది బాగుంది. మా పెద్దోడికి మేము టాబ్ లో దిద్దే యాప్ పెట్టాం, వేలితో దిద్దితే చప్పట్లు వస్తాయి స్టార్లు వస్తాయి, వాడు ఇష్టంగా చేసేవాడు. ఏడుపు లేకుండా అక్షరం మీద గంట కూర్చుంటున్నాడంటే అది మంచిదే కదా, పేజీలు నింపించడం కన్నా నయం. మీరు కూడా ట్రై చేయండి అండి. మేడం, దీనిమీద మీరేమంటారు?

చేతిరాత_ఓటీ:

నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ని, చేతిరాత కోసం వచ్చే పిల్లలతోనే రోజంతా పని. యాప్ విషయం ముందు చెప్తాను. దిద్దడం వేరు, రాయడం వేరు. దిద్దేటప్పుడు కన్ను గీతని వెంటాడుతుంది, చెయ్యి దాన్ని అనుసరిస్తుంది, అక్షరం ఎలా పుడుతుందో మెదడు ప్లాన్ చేసుకోవాల్సిన పని పడదు. 2012లో అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ వాళ్ళు ఇంకా చదవడం రాని అయిదేళ్ళ పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. పిల్లలతో అక్షరాలని కొన్ని సొంతంగా రాయించారు, కొన్ని దిద్దించారు, కొన్ని కీబోర్డ్ మీద టైప్ చేయించారు, తర్వాత స్కానర్ లో ఉంచి ఆ అక్షరాలు చూపించారు. సొంతంగా రాసిన అక్షరాలు చూసినప్పుడే చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు చురుగ్గా స్పందించాయి, దిద్దినవాటికి టైప్ చేసినవాటికి అలా జరగలేదు. చిన్న పరిశోధనే, అక్కడివి ఇంగ్లీష్ అక్షరాలే, కానీ నా దగ్గరికొచ్చే పిల్లల్లో నేను చూసేది దీనితో సరిపోతుంది. మీ పాప చుక్కలుంటే రాసి చుక్కలు లేకపోతే ఆగిపోతోంది అన్నారు చూడండి, అది సరిగ్గా ఇదే. కాబట్టి నాన్నగారూ, యాప్ మానేయమనట్లేదు, కానీ దాంతో రాయడం వచ్చేస్తుందని ఆగిపోకండి. వంకరగా వచ్చినా సరే, పక్కన చూసి సొంతంగా వేసిన నాలుగు మ లు పేజీ నిండా దిద్దిన మ ల కన్నా ఎక్కువ పని చేస్తాయి.

తిరగేసి రాయడం గురించి. ఈ వయసులో అది మామూలే, ఆరు ఏడేళ్ళ దాకా కూడా అక్కడక్కడా కనిపిస్తుంది. కుర్చీ కుడివైపు తిరిగి ఉన్నా ఎడమవైపు తిరిగి ఉన్నా కుర్చీయే, పుట్టినప్పటినుంచి కన్ను నేర్చుకున్నది అది. అక్షరం దగ్గరికొచ్చేసరికి మాత్రం దిక్కు మారితే లెక్క మారిపోతుంది, ఈ కొత్త రూల్ ఒంటబట్టడానికి టైం పడుతుంది. ఏడు దాటాక కూడా ఎక్కువగా ఉండి, చదవడం కూడా కష్టంగా ఉంటే అప్పుడు చూపించండి. ఇప్పుడు అక్కర్లేదు. కాగితం ఎడమ పక్కన ఒక చిన్న రంగు చుక్క పెట్టి 'ఇక్కడినుంచి బయల్దేరాలి' అని అలవాటు చేయండి చాలు.

చెయ్యి సంగతి. పిల్లలు సుమారుగా రెండేళ్ళకి నిలువు గీత, మూడేళ్ళకి గుండ్రం, నాలుగేళ్ళకి ప్లస్ గుర్తు చూసి వేయగలుగుతారు. త్రిభుజం అయిదు దగ్గరికి గానీ రాదు. పెన్సిల్ ని మూడు వేళ్ళతో పట్టి వేళ్ళని మాత్రమే కదిపి రాయడం చాలామందికి అయిదు ఆరేళ్ళ మధ్యలో కుదురుతుంది. అంతవరకు మణికట్టో మొత్తం చెయ్యో కదులుతుంది, కాబట్టి రెండు గీతల మధ్య బుల్లి మ రాయమనడం ఈ చేతికి చాలా పెద్ద పని. మన తెలుగు అక్షరాల్లో ఇంకో సంగతి, దాదాపు అన్నీ వంపులే. గుండ్రం తిప్పడం, మధ్యలో ఆగి దిశ మార్చడం వస్తే సగం అక్షరాలు వచ్చినట్టే.

అందుకని పెద్దగా మొదలుపెట్టండి. గోడకి పెద్ద కాగితం అతికించి నిలబడి రాయించండి, నిలువుగా ఉన్న దానిమీద రాస్తే మణికట్టు సరిగ్గా వెనక్కి వంగి ఉంటుంది, భుజం కూడా పనిచేస్తుంది. మొదట గాల్లో, తర్వాత గోడ మీద తడి బ్రష్ తో, తర్వాత ఇసుకలో వేలితో, ఆ తర్వాత పలక మీద. క్రేయాన్ ఇస్తే విరిచి చిన్న ముక్క ఇవ్వండి, చిన్న ముక్కని పిడికిలితో పట్టుకోలేరు, వేళ్ళు వాటంతట అవే సర్దుకుంటాయి. రాసేటప్పుడు నోటితో చెప్తూ రాయించండి, మాటలు మీ ఇష్టం కానీ రోజూ అవే ఉండాలి. నేనైతే మ కి 'చిన్న సున్నా, కిందకి జారి, పైకెక్కి, మళ్ళీ జారి, పైకి లేచి, నెత్తిన తలకట్టు' అంటాను. మీ స్కూల్లో ఎక్కడ మొదలుపెట్టి రాయిస్తున్నారో కనుక్కుని ఇంట్లో కూడా అదే వరస పాటించండి, రెండు చోట్లా రెండు రకాలైతే చెయ్యి తికమకపడుతుంది.

నాలుగేళ్ల_పాప_అమ్మ:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి, మనసు కుదుటపడింది. నిన్న సాయంత్రం ఛార్ట్ తీసేశాను, మ్మ్మ్ అంటూ ముక్కు పట్టుకుని నవ్వుతూనే ఉంది. గోడ మీద తడి బ్రష్ తో రాయమంటే తనంత ఎత్తు మ వేసింది, చివర తలకట్టు పెట్టడం మర్చిపోయి వెనక్కి వచ్చి చూసుకుని 'దీనికి నెత్తి లేదు' అని మళ్ళీ వెళ్ళి పెట్టింది, నేనేమీ చెప్పలేదు. రెండు డౌట్లు. వ, మ తేడా చూపించాక వు వస్తే మళ్ళీ మ తో కలిసిపోతుందా? హోంవర్క్ పేజీ సంగతి ఏం చేయాలి, రాయకుండా పంపితే స్కూల్లో ఏమన్నా అంటారేమో అని భయం.

చిన్నబడి_టీచర్:

నెత్తి లేదని తనే కనిపెట్టిందంటే కన్ను పనిచేయడం మొదలైందమ్మా, చాలా సంతోషం.

వు గురించి మంచి ప్రశ్న అడిగారు, పెద్ద క్లాసు పిల్లలు కూడా అక్కడ తడబడతారు. చాలా హల్లులకి కొమ్ము పక్కన వస్తుంది, ప కి ఫ కి వ కి మాత్రం కింద నుంచి వస్తుంది. గుణింతం చెప్పేటప్పుడు వు, మ రెండూ పెద్దగా రాసి కొమ్ము ఒక్కటీ వేరే రంగుతో వేయండి, మ లో ఆ గీత అక్షరంలో భాగం కాబట్టి రంగు మారదు. అది ఇప్పుడు కాదు, బాగా తర్వాత.

హోంవర్క్ కి క్లాస్ టీచర్ ని కలిసి నేరుగా మాట్లాడండి, నోట్ రాసి పంపొద్దు, కాగితం మీద ఫిర్యాదులా కనిపిస్తుంది. 'పాప రెండు లైన్లు శ్రద్ధగా రాస్తుంది, తర్వాత చెయ్యి అలిసి తప్పు ఆకారం అలవాటవుతోంది, కొన్నాళ్ళు రెండు లైన్లే రాయించి పంపనా' అని అడగండి. చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు, వాళ్ళకీ వంకరటింకర పేజీ దిద్దడం కన్నా అదే సుఖం. ఆ రెండు లైన్లలో పాపనే బాగా కుదిరిన మ ఏదో వెతికి చుట్టూ గుండ్రం గీయమనండి. ఎర్ర పెన్ మీరు పట్టుకోకండి, తనకే ఇవ్వండి.

ఇద్దరు_పిల్లల_నాన్న:

ఈ గుండ్రం గీయించడం చిన్నదానికి ఇవాళే మొదలుపెడతాను మేడం. ఇంకొక్కటి, తనది ఎడమ చేతివాటం, గోడ మీద రాసేటప్పుడు ఏమన్నా మార్చాలా?

చేతిరాత_ఓటీ:

గోడ మీద ఏమీ మార్చక్కర్లేదండి. టేబుల్ మీద రాసేటప్పుడు కాగితం పై అంచు కొంచెం కుడివైపుకి వాలేలా తిప్పి పెట్టండి, పెన్సిల్ మొన కన్నా కొంచెం పైకి పట్టుకోమనండి, అప్పుడు రాసింది తన చేతికింద దాక్కోదు. చూసి రాయాల్సిన అక్షరం ఎడమ పక్కన ఉంటే చెయ్యి దాన్ని కప్పేస్తుంది, కాబట్టి కుడి పక్కన గానీ పైన గానీ రాసి పెట్టండి. చెయ్యి మాత్రం మార్పించొద్దు.