ఇంట్లో పిల్లి ఉండగా, ఎవరో వదిలేసిన కుక్కను ఉంచుకోవచ్చా?

బుజ్జమ్మ_ఇల్లు:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, మియాపూర్ వైపు, మూడో అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. నేను, మా ఆయన, మా అత్తగారు, బుజ్జమ్మ ఉంటాం. బుజ్జమ్మ మా పిల్లి. ఐదేళ్లుంటాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, టీకాలన్నీ వేయించాం, గడప దాటి ఎరగదు.

పోయిన వారం మా గేటు ముందు ఎవరో ఒక మగ లాబ్రడార్‌ని వదిలేసి పోయారు. వీధి కుక్క కాదని చూడగానే తెలుస్తుంది. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగిపోయి బెల్టు గాడి అలాగే ఉంది, 'సిట్' అంటే కూర్చుంటుంది, గేటు దగ్గర ఏ కారు ఆగినా లేచి వెళ్లి డోరు దగ్గర నిలబడుతుంది. వీధి కుక్కలు మీదపడి వెనక కాలు కరిచాయి. చూడలేక నిన్న రాత్రి వానలో పైకి తెచ్చి వంటింటి బాల్కనీలో పడుకోబెట్టాం. అప్పటినుంచి బుజ్జమ్మ ఫ్రిజ్ మీదికెక్కి కూర్చుంది, తోక సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బిపోయింది. కుక్క మాత్రం మొరగలేదు, తలుపు కింద సందులో ముక్కు పెట్టి వాసన చూస్తోంది.

మా ఆయన ఉంచేసుకుందాం అంటున్నారు. అత్తగారేమో "ముందొచ్చినదానికి అన్యాయం చేయకండి" అంటున్నారు. నాకు రెండూ నిజమే అనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

గోదారి_గట్టు:
మీ అత్తగారి మాటే నా మాట అక్కా. కుక్క మీద జాలి లేక కాదు. మా ఊళ్లో ప్రతి ఇంట్లో కుక్కా పిల్లీ రెండూ ఉండేవి, ఎవరూ ట్రైనింగ్ ఇచ్చింది లేదు. కానీ అక్కడ పిల్లికి అటక ఉంది, పెంకుల మీదికి దారి ఉంది, పక్కింటి గోడ ఉంది. కుక్క నచ్చకపోతే రెండు రోజులు ఇంటికి రాదు, కోపం తగ్గాక వస్తుంది. ఎంత దూరంలో ఉండాలో పిల్లే తేల్చుకునేది. ఫ్లాటులో ఆ అవకాశమే లేదు కదా. తలుపులు మీవి, కిటికీలకు మెష్ మీరే కొట్టించారు. బుజ్జమ్మకు మిగిలింది ఫ్రిజ్ పైభాగం. మనమే బయటికి దారి లేకుండా చేసిన జీవి మీదికి ముప్పై కిలోల కొత్త జంతువును తెచ్చి "అలవాటు పడుతుందిలే" అనడం నాకు న్యాయంగా అనిపించదు. కుక్కకు వేరే మంచి ఇల్లు వెతకండి, అది కూడా దానికి మేలు చేయడమే.

రెండు_తోకలు:
గోదారి గారూ, మీరు చెప్పింది కొంత ఒప్పుకుంటాను, కానీ "వేరే ఇల్లు వెతకండి" అన్నంత సులువు కాదండీ ఆ పని. వయసొచ్చిన లాబ్రడార్‌ని ఎవరు తీసుకుంటారు? అందరికీ కుక్కపిల్లలే కావాలి. హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ 1992 నుంచి పనిచేస్తోంది, ఇంకా చిన్న చిన్న షెల్టర్లు చాలా ఉన్నాయి, కానీ దెబ్బలు తగిలినవాటికీ జబ్బుపడినవాటికీ కావలసిన చోటు అది. ఆరోగ్యంగా ఉన్న ఇంటి కుక్కను అక్కడ దించేసి మన పని అయిపోయింది అనుకోకూడదు. ఇక వీధిలో వదిలితే ఏమవుతుందో ఇప్పటికే చూశారు. వీధి కుక్కలకు తమ హద్దు ఉంటుంది, ఇంట్లో పెరిగిన కుక్కకు ఆ లెక్క తెలియదు, తినడానికి ఎక్కడికెళ్లినా కరిపించుకుంటుంది.

మా ఇంట్లోనూ ముందు పిల్లి, తర్వాత కుక్క. ఓపిక పడితే కుదిరింది. మొదట అసలు ఒకదాన్నొకటి చూడనివ్వలేదు, కుక్క పడుకున్న గుడ్డ తెచ్చి పిల్లి గదిలో, పిల్లి దుప్పటి తీసుకెళ్లి కుక్క దగ్గర పెట్టేవాళ్లం. తర్వాత మూసిన తలుపుకి ఇటు ఒక గిన్నె, అటు ఒక గిన్నె. ఆ వాసన వస్తుంటే అన్నం కూడా వస్తుందని రెండింటికీ అర్థమయ్యాక తలుపు కొంచెం తీసి, కుక్కను గొలుసుతో పట్టుకుని చూపించాం. పిల్లి కోసం గోడకు ఎత్తులో చెక్క పలకలు కొట్టించాం, నేల మీద కాలు పెట్టకుండా హాల్లోంచి బెడ్‌రూములోకి వెళ్లగలదు. గోదారి గారు చెప్పిన అటక అదేనండీ, ఫ్లాటులోనూ కట్టొచ్చు.

వెట్_కాంపౌండర్:
నేను పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాను. ప్రేమ, న్యాయం తర్వాత మాట్లాడుకుందాం. పోస్టులో ఒక్క మాట అందరూ దాటేశారు: వీధి కుక్కలు కరిచాయి అన్నారు. ఈ లాబ్రడార్‌కి టీకాలు వేశారో లేదో ఎవరికీ తెలియదు. ఇవాళే డాక్టర్‌కి చూపించి గాయం సబ్బునీళ్లతో బాగా కడిగించి, కాటు తర్వాత ఇచ్చే రేబిస్ టీకాల కోర్సు మొదలుపెట్టించండి. మా దగ్గర 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. రేబిస్ బయటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఇవాళ బాగుంది కదా అని ధీమా వద్దు. ఆ గాయాన్ని ఉత్త చేతులతో ముట్టుకున్నవాళ్లు, ముఖ్యంగా చేతులకు పగుళ్లో పుండ్లో ఉన్నవాళ్లు, ఒకసారి మనుషుల డాక్టర్‌ని కూడా అడగండి. బుజ్జమ్మ రేబిస్ టీకా గడువు ఎప్పటివరకు ఉందో కార్డు తీసి చూడండి.

రెండోది, పిడుదులు. వాన కాలంలో ఇలాంటి కుక్కకు చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదులు ఉండి తీరతాయి, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్‌కి రక్త పరీక్ష చేయించండి. కానీ పెట్ షాపువాడు ఇచ్చిన మందు తెచ్చి వేసేయకండి. కుక్కలకు మెడ మీద వేసే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది, కుక్కకు ఏమీ కాదు, పిల్లికి మాత్రం విషం. మందు తడి ఆరని కుక్క ఒంటికి రాసుకున్నా చాలు, పిల్లికి వణుకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. 'ఇంట్లో పిల్లి ఉంది' అని ముందే చెప్పి మందు రాయించుకోండి.

మూడోది, బుజ్జమ్మ తిండి. పిల్లి రెండు రోజులు అస్సలు తినకపోతే లివర్‌లో కొవ్వు పేరుకోవడం మొదలవుతుంది, లావుగా ఉన్న పిల్లికి ఇంకా ప్రమాదం. ఫ్రిజ్ మీద కూర్చుంటే కూర్చోనివ్వండి, గిన్నె అక్కడికే అందించండి. పిల్లి మలమూత్రాలకు వెళ్లే లిట్టర్ ట్రే కుక్కకు అందని గదిలో పెట్టండి. ఇది చదివే వేరేవాళ్లెవరికైనా మగ పిల్లి ఉంటే, ట్రేలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే తీసుకెళ్లండి. టెన్షన్‌కి మూత్రం దారి అలా బిగుసుకుపోతుంది.

సాయంత్రం_నడక:
వదిలేశారని అంత గట్టిగా ఎలా అనుకుంటున్నారు? దీపావళి టపాసులకో ఉరుములకో బెదిరి పారిపోయి వచ్చినదేమో. బెల్టు తెగి ఉండొచ్చు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు యజమానిని గుర్తించడానికి చర్మం కింద పెట్టే మైక్రోచిప్ ఉందేమో స్కాన్ చేయమనండి, చుట్టుపక్కల కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఫోటో పెట్టండి, కానీ గుర్తులన్నీ రాసేయకండి. నాదే అన్నవాడిని ఒక గుర్తు చెప్పమని అడగాలి, లేకపోతే బ్రీడింగ్ కోసం పట్టుకుపోయేవాళ్లు దాపురిస్తారు.

నిజంగా వదిలేసి ఉంటే అది నేరమే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. జరిమానా చూస్తే ఒళ్లు మండుతుంది, మొదటిసారి అయితే పది రూపాయల నుంచి యాభై రూపాయలు! ఇరవై వేలు పోసి కొన్న కుక్కను యాభై రూపాయల భయంతో ఎవడు ఉంచుకుంటాడు? ఉంచుకుంటే మున్సిపల్ కార్పొరేషన్ లైసెన్స్ తీసుకోండి. అసోసియేషన్‌వాళ్లు కుక్కలు కుదరవంటే, అలా నిషేధించే అధికారం వాళ్లకు లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఉన్నాయి, గొడవ పడకుండా ఆ కాగితం చూపించండి.

గోదారి_గట్టు:
రెండు_తోకలు గారూ, మీ ఇంట్లో కుదిరింది, సంతోషం. కానీ కుదిరినవాళ్లే వచ్చి రాస్తారు. పిల్లిని పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి ఫోటోలు పెట్టరు. కుక్క ఒక్కసారి మెడ పట్టి విదిలిస్తే పిల్లి ఉండదు, ఆడుకుందామనుకున్నా సరే. మొరగలేదు, బుద్ధిమంతుడు అనుకోకండి, మొరగకుండా కన్నార్పకుండా చూసే కుక్కంటేనే నాకు భయం.

రెండు_తోకలు:
ఆ భయం నాకూ ఉంది, అందుకే నేను చూసేది ఒకటే. గొలుసు మీద ఉండగా పిల్లి కనబడినప్పుడు పేరు పెట్టి పిలవండి, లేదా చికెన్ ముక్క చూపించండి. తల తిప్పి మీ వైపు చూసిందా, పని చేయొచ్చు. ఒళ్లు బిగదీసి, నోరు మూసి, ముక్క ముక్కు దగ్గర పెట్టినా కళ్లు పిల్లి మీదే ఉన్నాయా, అప్పుడు నేను కూడా మీ పక్షమే, దానికి పిల్లి లేని ఇల్లు చూడాల్సిందే. లాబ్రడార్ కాబట్టి మంచిది అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ ఒక్క కుక్క ఎలాంటిదో చూడాలి.

బుజ్జమ్మ_ఇల్లు:
అందరికీ చాలా థ్యాంక్స్. ముఖ్యంగా కాంపౌండర్ గారికి, నిన్ననే ఆసుపత్రికి పరిగెత్తాం. టీకా మొదలైంది, టిక్ ఫీవర్ పాజిటివ్ వచ్చింది, మాత్రలు ఇచ్చారు. గాయం కడిగింది మా ఆయనే కాబట్టి ఆయన కూడా చూపించుకుని ఇంజెక్షన్ వేయించుకున్నారు. చిప్ లేదు. గ్రూపుల్లో ఫోటో పెట్టాం, ఇప్పటిదాకా నిజమైన యజమాని ఎవరూ రాలేదు.

మేము తేల్చుకున్నది ఇది. ఉంచుకుంటున్నాం అని ఇప్పుడే అనడం లేదు. టీకాల కోర్సు అయ్యేదాకా కుక్క బాల్కనీ, వంటిల్లు దాటదు. బుజ్జమ్మకు మా బెడ్‌రూము పూర్తిగా ఇచ్చేశాం, ట్రే అక్కడే, అన్నం అక్కడే. కోర్సు అయ్యాక డాక్టర్ సరేనంటే గొలుసు మీద చూపిస్తాం. బుజ్జమ్మ తినడం మానేసినా, కుక్క కళ్లు తిప్పకపోయినా వేరే ఇల్లు చూస్తాం, ఆ వెతుకులాట ఇవాళ్టి నుంచే మొదలుపెట్టాం, అప్పటికప్పుడు తొందరపడి ఎవరికో ఇచ్చేయకూడదని. మా అత్తగారు కూడా దీనికి ఒప్పుకున్నారు.

గోదారి_గట్టు:
ఇలా అయితే నాకు అభ్యంతరం తగ్గింది కానీ పూర్తిగా పోలేదక్కా. పగలు మీరిద్దరూ ఆఫీసుకెళ్తే ఇంట్లో ఉండేది పెద్దావిడ ఒక్కరే. ముప్పై కిలోల కుక్క తలుపు తోసుకొస్తే ఆవిడ ఆపగలరా?

బుజ్జమ్మ_ఇల్లు:
ఆపలేరు. అందుకే వంటింటి తలుపుకి హాలు వైపు గడియ పెట్టించడానికి రేపు పొద్దున కార్పెంటర్ వస్తున్నాడు. అది బిగించేదాకా నేను ఇంటి నుంచే పని చేస్తాను.