ఐఎస్ఐ గుర్తు లేని కుక్కర్ అమ్మకాలు ఆపించాలంటే ఎవరికి ఫిర్యాదు చేయాలి?

ఆన్‌లైన్‌లో కొన్న కుక్కర్ మూత పప్పు ఉడుకుతుండగా ఎగిరిపడింది. విజిల్ గొట్టంలో అడ్డేమీ లేదు, సేఫ్టీ వాల్వ్ కూడా చెక్కుచెదరలేదు. అమ్మ అప్పుడే హాల్లోకి రావడం మా అదృష్టం. తిప్పి చూస్తే ఎక్కడా ఐఎస్ఐ గుర్తు లేదు. కుక్కర్లకు అది 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి కదా! డబ్బు తిరిగిస్తామంటున్నారు గానీ అదే కుక్కర్ ఇంకా అమ్ముతూనే ఉన్నారు. నా టెన్షన్ అంతా దాని గురించే. ఇంకెవరి వంటింట్లో పేలుతుందో!

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే నా రీఫండ్ వరకే చూస్తారా? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రమాదకరమైన సరుకును వెనక్కి రప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ)కి ఉంది. కలెక్టర్‌కి కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లోనూ పెట్టాలా? ఎక్కడ మొదలుపెడితే త్వరగా కదులుతుంది? సొట్టపోయిన మూత, బిల్లు దాచి ఉంచాను. ఇలా ఫిర్యాదు చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.