కర్ణాటక సంగీతం వినడానికి యాక్టివ్ స్పీకర్లు: ఐదంగుళాలా, ఆరున్నరా?

అందరికీ నమస్కారమండీ. మాది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన సంగీత కళాశాల ఉన్న ఊరు. ఇంట్లో వయొలిన్ వినని రోజుండదు. నాన్నగారి పాత ఆంప్లిఫయర్ ఇక బాగుపడదని మెకానిక్ తేల్చేశాక, ఆంప్లిఫయర్ లోపలే ఉండే యాక్టివ్ స్పీకర్లు కొందామనుకుంటున్నాను.

కింది స్వరాలు పలికే వూఫర్‌కీ, పై స్వరాలు పలికే ట్వీటర్‌కీ వేరువేరు ఆంప్లిఫయర్లు పెట్టెలోనే ఉండడం, ధ్వనిని ఆ రెండింటికీ విడదీసి పంచే క్రాసోవర్ ఆంప్లిఫయర్లకంటే ముందే పని చేయడం నాకు బాగా నచ్చింది. ఒక పెట్టెలో ఆంప్లిఫయర్ పెట్టి రెండోదానికి వైరు లాగే రకం వద్దు.

చివరికి యమహా హెచ్ఎస్5, హెచ్ఎస్7 దగ్గర ఆగాను. మొదటిది 5 అంగుళాల వూఫర్, 70 వాట్లు, రెండోది 6.5 అంగుళాలు, 95 వాట్లు. మా గది 10 అడుగులకు 12. రెండింటికీ బాస్ పోర్టు, అంటే కింది స్వరాలకు ఊతమిచ్చే గాలి రంధ్రం, వెనకే ఉంది, నేనేమో గోడకు జానెడుకు మించి జాగా ఇవ్వలేను. మృదంగం ఎడమ వైపు దెబ్బ విడివిడిగా వినపడక గుమ్మని ముద్దయిపోతుందేమోనని నా బెంగ. కింది స్వరాలను 2 లేదా 4 డెసిబెల్స్ తగ్గించే రూమ్ కంట్రోల్ స్విచ్ ఉందిగానీ, అది చాలుతుందా? చిన్నదే తీసుకోమంటారా?

ఇంకొకటి. ఇవి స్టూడియోలో దగ్గరగా కూర్చుని వినడానికి చేసినవి. నేను ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చుంటాను. అంత దూరంలో తంబుర శ్రుతి నిండుగా వినిపిస్తుందా? వాల్యూమ్ తిప్పడానికి మధ్యలో డాక్ (డిజిటల్ ధ్వనిని అనలాగ్‌గా మార్చే పరికరం) పెట్టాలా, ఫోన్‌లో తగ్గించుకుంటే నాణ్యత పోతుందా? ఇంట్లో వాడినవాళ్లు చెప్పండి, దయచేసి.