అప్‌డేట్: నాన్నగారి తుపాకి అమ్మకం పూర్తయింది

నాన్నగారి 12 బోర్ (గొట్టం లోపలి వెడల్పు కొలత) డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకి, నా పాత కెమెరా, ఈ రెండింటిలో దేనికి ధర నిలుస్తుందని నల్లగొండ నుండి మూడు నెలల క్రితం అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పోలీస్ స్టేషన్‌లో ముందుగా రాతపూర్వకంగా తెలియజేసి, ఆయుధాల చట్టం చెప్పిన 45 రోజులు ఆగమన్న సలహాయే మాకు దారి చూపింది.

హైదరాబాద్‌లోని లైసెన్సు గల డీలర్ తుపాకిని విప్పి, గొట్టాలను వెలుతురుకు ఎత్తి, లోపల తుప్పు తిన్న సన్నటి గుంటలను నాకూ చూపించారు; వారం రోజులు నూనె రాసి మెరిపించిన, భుజానికి ఆనించే చెక్క బట్‌తో ధర ఏమీ మారలేదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత సాధారణ లైసెన్సుపై రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు గనుక, కొనేవారే తక్కువని ఆయన వివరించారు. చివరకు మేమనుకున్న దానిలో మూడో వంతే వచ్చింది. కెమెరా మాత్రం రెండు రోజుల్లో, కొన్న ధరలో సగానికి అమ్ముడుపోయింది.