‘చివరిసారి ఒక్కసారి కలువు’ అంటున్నాడు, వెళ్లాలా?

ప్రశ్న
గుంటూరు బ్రాడీపేట హాస్టల్లో ఉండే జూనియర్ కోసం అడుగుతున్నా. అబ్బాయిది బెజవాడ. విడిపోయి 2 నెలలైంది. రోజుకి 40 కాల్స్ చేస్తాడు. ఎత్తకపోతే ‘చచ్చిపోతా’ అంటాడు, భయపడి ఎత్తుతుంది. ఇప్పుడేమో బ్యారేజీ దగ్గరికొస్తే ఫోటోలు డిలీట్ చేస్తానంటున్నాడు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని దాని భయం.

జవాబు 1
వెళ్లనివ్వకండి. ఆమె ఇక చేజారిపోయిందని అతనికి ఖాయమయ్యే ఘడియే అన్నిటికంటే ప్రమాదం. కళ్లముందు డిలీట్ చేసినా కాపీ ఇంకోచోట ఉండొచ్చు, ఆ బేరానికి విలువ లేదు.

40 కాల్స్ వదిలేసి 41వది ఎత్తితే, 41 చేస్తే పలుకుతుందని అతనికి నేర్పినట్టే. తిట్టడానికి ఎత్తినా అంతే. ఒక్క మెసేజ్‌లో వద్దని తేల్చి చెప్పి, ఆపైన మాటామంతీ ఉండకూడదు. మొదట్లో కాల్స్ ఇంకా పెరుగుతాయి, కొత్త నంబర్ల నుంచీ వస్తాయి. చాలామంది జారిపోయేది అక్కడే.

జవాబు 2
కేసుకి కూడా ఆ మెసేజే ప్రాణం. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక పదేపదే వెంటపడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం (పాత ఐపీసీ 354డి). మొదటిసారి 3 ఏళ్ల దాకా, మళ్లీ చేస్తే 5 ఏళ్ల దాకా జైలు. మొదటిసారికి బెయిల్ వస్తుంది కాబట్టి, ఫిర్యాదిచ్చాక కొన్నాళ్లు ఒంటరిగా తిరగనివ్వకండి.

చాట్ చెరపొద్దు, మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. స్క్రీన్‌షాట్‌లో సేవ్ చేసుకున్న పేరు కాదు, నంబరు, తేదీ కనపడాలి. కాల్ లిస్టులో పాతవి పోతుంటాయి, రోజూ రాత్రి తీయండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్, మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్ అతనికి తెరిచి ఉన్నాయేమో ఈరోజే చూడండి. పోలీసులు ‘ఫిర్యాదు బెజవాడ వెళ్లి ఇవ్వండి’ అంటే ఒప్పుకోవద్దు, గుంటూరులోనే జీరో ఎఫ్ఐఆర్ (ఏ స్టేషన్లోనైనా నమోదు చేసే ఎఫ్ఐఆర్) అడగొచ్చు.

ప్రశ్న అడిగినవారు
‘సారీ, ప్రస్తుతం మాట్లాడలేను, అర్థం చేసుకో’ అని పంపితే చాలా?

జవాబు 3
చాలదమ్మా. ‘ప్రస్తుతం’ అంటే తర్వాత మాట్లాడతావనే అతనికి వినపడుతుంది. సారీ వద్దు, కారణమూ వద్దు. కారణం చెబితే అది సరిచేసుకున్నానంటూ మళ్లీ వస్తాడు. ‘నీతో ఏ సంబంధమూ నాకు ఇష్టం లేదు. ఫోన్, మెసేజ్ చేయొద్దు, కలవడానికి రావొద్దు.’ ఇంతే రాయండి.

చచ్చిపోతానన్న మాటని నిజమనే తీసుకోవాలి, కానీ దానికి మందు ఆ పిల్ల ఫోన్ ఎత్తడం కాదు. ఆ బెదిరింపు సంగతి మీరే అతని ఇంట్లోవాళ్లకి చేరవేసి, 112కి చెప్పండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు కూడా వాళ్లకివ్వండి, తెలుగులో మాట్లాడతారు. ఇక ఇంటి సంగతి: నాన్నకి నేరుగా చెప్పలేకపోతే పిన్నికో అక్కకో చెప్పించండి, వార్డెన్‌కి కూడా. వద్దని తేల్చే ఆ మెసేజ్ పంపకముందే వాళ్లకి తెలిసుండాలి.