లెట్యూస్ విత్తనం ఏ మొక్కది ఉంచాలి: ముందు పూసినదా, ఆఖర్న పూసినదా?

మేడతోట_జయనగర్:
అక్టోబరులో వేసిన లెట్యూస్‌లో ఒకటి రెండు మొక్కలు అందరికంటే ముందే పూకాడ ఎత్తేస్తాయి. విత్తనం తొందరగా చేతికొస్తుందని వాటినే ఉంచమంటున్నారు కొందరు. అది తప్పు. కాస్త ఎండ తగలగానే పూతకెళ్లే గుణం గింజలోకి దిగుతుంది. నాలుగైదు తరాలు అలాగే విత్తనం కడితే ఆకు కోసుకునే రోజులు తగ్గిపోతాయి, చేదు ముందే వచ్చేస్తుంది. ముందు లేచినవాటిని పీకేయండి. ఆఖర్న లేచినవాటికి ఎర్ర దారం కట్టి వదిలేయండి.

విత్తనపెట్టె:
అన్నా, గుణం మాట నిజమే. కానీ బెంగళూరులో మరీ ఆఖరి మొక్క కోసం కూర్చుంటే ఏప్రిల్ మామిడి జల్లులు మీద పడతాయి. పువ్వు విచ్చాక గింజ ముదరడానికి 12 నుంచి 20 రోజులు. ఆ టైములో తడిస్తే గింజకుండే తెల్లనూగు ముద్దకట్టి బూజు పడుతుంది. మొత్తం 12 మొక్కలుంటే మొదటి మూడూ తీసేసి, మిగతావాటిలో బాగున్న ఐదారింటి గింజ కలిపి ఉంచడం మేలు. ఒక్క మొక్క మీదే ఆధారపడితే అది పోతే రకమే పోతుంది.

కుండీ_అక్క:
ఇద్దరూ కోత సంగతి వదిలేశారు. లెట్యూస్ ఒక్కసారిగా పండదు, కింద నూగు విప్పుతుంటే పైన ఇంకా మొగ్గలుంటాయి. కాడ మొత్తం కోస్తే సగం తాలే. రెండు రోజులకోసారి తలను కాగితం కవర్లోకి వంచి దులపండి. వారం నీడలో ఆరనిచ్చి, అరచేతుల్లో నలిపి, మెల్లగా ఊదండి. గట్టిగా ఊదితే గింజా ఎగిరిపోతుంది.

విత్తనపెట్టె:
అవునక్కా. రకాల మధ్య మూడు నాలుగు మీటర్ల ఎడం చాలు, లెట్యూస్ తన పుప్పొడితోనే గింజ కట్టుకుంటుంది. పొద్దుతిరుగుడుకు ఈ లెక్క చెల్లదు, తేనెటీగలు కలిపేస్తాయి. పైగా బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకేలో తయారైన కేబీఎస్‌హెచ్-44 లాంటి పొద్దుతిరుగుడు హైబ్రిడ్ గింజ తిరిగి వేస్తే మొక్కకో తీరు.

మేడతోట_జయనగర్:
ఐదారు మొక్కల మాటకు ఒప్పుకుంటా, మొదటి మూడూ తీసేస్తేనే. ఇంటి గింజ మొలవలేదనేవాళ్లకు ఒక మాట: 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ గింజ నిద్రపోతుంది, చచ్చిపోదు. తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టి, పైపైనే చల్లండి. చాలా రకాలకు వెలుతురు తగలాలి, లోతుగా పూడ్చొద్దు.